మీవాళ్ళు బోల్డుమంది ఉన్నారండి

ఇళ్ళ బ్రోకరు అనుభవాలు రాస్తే ఎవరు చదువుతారని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. రాజమండ్రిలో ముప్పై ఏళ్ళపాటు ఊరందరికీ తూర్పు గుమ్మం గొప్పతనం చెప్పి, చివరికి చవగ్గా వచ్చిందని పడమటి గుమ్మం ఇల్లు కొనుక్కున్నవాణ్ణి నేను. అయితే మా వీధిలో ఇద్దరు కుర్రాళ్ళు ఈ మధ్య ఈ పనిలో దిగారు. ఫోన్లో వీడియోలు తీసి ఇళ్ళు చూపిస్తున్నారు. "మూర్తిగారూ, మీ అనుభవం రెండు ముక్కలు చెప్పండి" అని అడిగారు. రెండు ముక్కల్లో చెప్పడం నాకు చేతకాదు కాబట్టి రాస్తున్నాను.

ఎన్ని ఇళ్ళు ఇప్పించాను, ఎంత సంపాదించాను అన్నవి ఇందులో ఉండవు. రెండోది రాయడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. ఇందులో ఉన్నవి ఎక్కువగా నా తప్పులు.

చూపించేది ఇల్లు కాదు

పిల్లలున్న కుటుంబం ఇంటికోసం వస్తే టైల్సు చూస్తారు, కుళాయి తిప్పుతారు, మేడమీదకెళ్ళి గాలి బాగుందంటారు. వాళ్ళు నిజంగా తెలుసుకోవాలనుకునేవి రెండే. పిల్లలకి దగ్గర్లో మంచి స్కూలుందా? చుట్టుపక్కల మనలాంటివాళ్ళున్నారా? మొదటిది పైకే అడుగుతారు. రెండోది అడగరు. మన గోదావరి జిల్లాలవాళ్ళకి మర్యాద ఎక్కువ. "చుట్టుపక్కల ఎలాంటివాళ్ళుంటారండీ?" అని గోడకేసి చూస్తూ అంటారు.

దీనికి జవాబు నాకు మా గురువు బుచ్చిరాజుగారు నేర్పారు. ఆయన ఓ జిరాక్సు షాపు బల్లమీద కూర్చుని సగం ఊరికి ఇళ్ళు ఇప్పించిన మనిషి. "వచ్చిన పార్టీ ఎవరన్నది నీకనవసరం మూర్తీ. మీవాళ్ళు బోల్డుమంది ఉన్నారండి అని చెప్పెయ్. ఈ ఊళ్ళో ఎవరికైనా ఎవరో ఒకరు ఉండే ఉంటారు" అనేవారు. కోనసీమ నుంచి వచ్చిన పురోహితుడికీ అదే మాట, భీమవరం నుంచి వచ్చిన చేపల చెరువుల ఆసామికీ అదే మాట. చెప్పగానే వాళ్ళ మొహాలు విచ్చుకునేవి. అడ్వాన్సు ఇచ్చి వెళ్ళేవారు.

ఇలా నోటికొచ్చింది చెప్పే అలవాటుకి ఒకసారి గట్టిగానే శాస్తి జరిగింది. ఓ రిటైర్డ్ లెక్చరరుగారు పై పోర్షను అద్దెకిస్తూ, చప్పుడు మాత్రం ఉండకూడదన్నారు. నేను తెచ్చింది మృదంగం మాస్టారిని. ఏం చేస్తారాయన అంటే "పిల్లలకి పాఠాలు చెబుతారండి" అన్నాను. పదో రోజున లెక్చరరుగారు మేం కూర్చునే జిరాక్సు షాపుకొచ్చి ఒక్క మాటా మాట్లాడకుండా బల్లమీద తకధిమి తకధిమి అని రెండు చేతులా వాయించి వెళ్ళిపోయారు. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. మృదంగం మాస్టార్లకి కింద పోర్షనే చూపించాలని మాత్రం నేర్చుకున్నాను.

గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం

నేను పని మానేయడానికి నాలుగేళ్ళ ముందు ఓ కుటుంబం వచ్చింది. ఆయన పేరు శమూయేలు, పెద్ద మోటార్లు, పంపులు సర్వీసు చేసే కంపెనీలో ఇంజనీరు. పట్టిసీమ వైపు పని పడి ఇక్కడికి బదిలీ అయ్యారు. భార్య మిరియంగారు. తొమ్మిదో తరగతికి వచ్చిన కూతురు రూతు. పేర్లు వినగానే నాకు అంతా అర్థమైపోయింది. వరసగా మూడు ఇళ్ళు చూపించాను, మూడూ చర్చిల పక్కనే. "ఆదివారం మీకు బండి తియ్యాల్సిన పనే ఉండదండి. పాటలు మంచంమీద పడుకునే వినొచ్చు" అని కూడా చెప్పాను.

మూడో ఇంటి మెట్లమీద మిరియంగారు ఆగారు.

"మూర్తిగారూ, మేం చర్చికెళ్ళమండి. మేం యూదులం."

యూదులని నేను పేపర్లో చదివానే గాని మనిషిని చూడలేదు. అందులోనూ గుంటూరు యాసలో తెలుగు మాట్లాడే యూదుల్ని. తెలియదని ఒప్పుకుంటే బ్రోకరు పరువు పోదూ? నా నోరు దాని అలవాటు ప్రకారం అది మాట్లాడేసింది.

"ఓహో, యూదులా! ముందే చెప్పకపోయారా? ఆయ్, మీవాళ్ళు బోల్డుమంది ఉన్నారండి ఇక్కడ."

ఎవరికి చెప్పినా మొహం విచ్చుకుంటుందని రాశాను. కాని శమూయేలుగారి మొహం అలా కాలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నిజంగానా అండీ? ఎక్కడుంటారు? మగవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

ఇలా ఎదురుప్రశ్న వేసినవాళ్ళు అంతకుముందు లేరు. "అదేనండీ, కడియం రోడ్డు వైపు" అన్నాను, ఆ రోడ్డులో నా చేతిలో ఓ ఇల్లు ఖాళీగా ఉంది కనక. ఇంకొకరు కాకినాడలో కూడా ఉన్నారన్నాను. అదెందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన వివరంగా చెప్పారు. వాళ్ళ ప్రార్థనల్లో కొన్నిటికి పదిమంది మగవాళ్ళు కలిసి తీరాలట. తొమ్మిదిమందున్నా కుదరదట. రాష్ట్రంలో వాళ్ళు చాలా తక్కువ. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఆయన ఒక్కరే అయిపోతున్నారు. "మా నాన్న పోయి ఆరేళ్ళయిందండి. ఆయన తిథికి చదవాల్సింది పదిమంది లేక ఒక్కసారి కూడా చదవలేకపోయాను. హాలు పెద్దదున్న ఇల్లు చూడండి" అన్నారు.

చూపించాను. ఆ కడియం రోడ్డులోనే, వేమగిరి దాటాక నర్సరీల పక్కన కొత్తగా లేచిన కాలనీలో, కింద పోర్షను, పెద్ద హాలు. వాళ్ళకు అవసరమైనదానికంటే ఒక గది ఎక్కువే. పైన ఇంటి ఓనరు సుబ్బారావుగారు. ఆ కాలనీ చివర ఉన్న హైస్కూలుకి కరస్పాండెంటూ హెడ్మాస్టరూ ఆయనే. ఇల్లూ స్కూలూ ఒకేచోట దొరికాయని నా భుజం నేనే తట్టుకున్నాను.

శనివారం

ఇల్లు కుదిరాక నా పని అయిపోయినట్టే. కాని మిరియంగారు వారానికోసారి ఫోను చేసేవారు. "ఆ కుటుంబాల అడ్రసులు ఇస్తానన్నారు కదండీ?" ఒకసారి వాళ్ళు ఊళ్ళో లేరన్నాను. ఒకసారి వాళ్ళింట్లో పెళ్ళన్నాను. లేని మనుషులకి పెళ్ళి కూడా చేశాను. ఆవిడ సంబరపడి, పెళ్ళికూతురిది ఏ ఊరని అడిగారు. నీళ్ళు నమిలి ఫోను పెట్టేశాను.

పరిహారంగా కనిపించినప్పుడల్లా ఏదో ఒక సాయం చేయబోయేవాణ్ణి. ఓసారి ఆప్యాయంగా రెండు కిలోల టైగరు రొయ్యలు పట్టుకెళ్ళాను. పొలుసులూ రెక్కలూ ఉన్న చేపలు తప్ప నీటిలోవి ఏవీ తినరట. రొయ్యలు తినని మనిషి గోదావరి జిల్లాలో ఎలా బతుకుతారా అని వాళ్ళమీద జాలిపడి, ఆ రొయ్యలు ఇంటికి తెచ్చుకుని మేమే తిన్నాం.

అసలు చిక్కు స్కూలు దగ్గర వచ్చింది. శుక్రవారం సాయంత్రం దీపం పెట్టినప్పటి నుంచి శనివారం చీకటిపడేదాకా వాళ్ళు ఏ పనీ చెయ్యరు. పొయ్యి వెలిగించరు, బండెక్కరు, పెన్ను పట్టుకోరు. సుబ్బారావుగారి స్కూల్లో వారం పరీక్ష శనివారం. ఆ పరీక్షల మార్కుల్ని బట్టే సెక్షన్లు. రెండు శనివారాలు రాకపోయేసరికి రూతుని 'ఎ' సెక్షన్ నుంచి 'బి' సెక్షన్‌కి మార్చారు. మూడోసారి తల్లిదండ్రుల్ని తీసుకురమ్మన్నారు. వాళ్ళు సోమవారం వెళ్ళి ఆయనతో మాట్లాడదామనుకుంటున్నారని నాకు తెలిసింది.

కుర్రాళ్ళూ, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. వాళ్ళు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పుకునేవారు. మధ్యలో నన్నెవరూ పిలవలేదు. నేనే ఆదివారం పొద్దున్న సుబ్బారావుగారింటికి వెళ్ళాను.

సుబ్బారావుగారు వెంకటేశ్వరస్వామి భక్తులు. ప్రతి శనివారం తెల్లవారుజామునే వాడపల్లి వెళ్ళి, గుడిచుట్టూ ఏడు ప్రదక్షిణలు చేసి, తొమ్మిదిన్నరకి స్కూల్లో ఉంటారు. కోరిక ఉన్నవాళ్ళు అలా ఏడు శనివారాలు వాడపల్లి వెళ్తే తీరుతుందని మా జిల్లాల్లో నమ్మకం. ఆయన గోడమీద స్వామి పటం చూడగానే నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"ఆ పిల్ల శనివారం ఎందుకు రావట్లేదో తెలుసాండీ? వాడపల్లి మొక్కండి. ఏడు శనివారాలు."

"రూతు అనే పిల్లకి వాడపల్లి మొక్కా?" అని ఆయన ఆశ్చర్యపోయారు.

"నమ్మకానికి పేరుతో ఏం పనండీ?"

ఆయన చెమ్మగిల్లిన కళ్ళతో పటంకేసి దణ్ణం పెట్టారు. ఏడు శనివారాలూ సెలవిచ్చేశారు. పిల్లని మళ్ళీ 'ఎ' సెక్షన్‌లో వేశారు. నేను మిరియంగారికి ఫోను చేసి, మాట్లాడేశానని, సోమవారం వెళ్ళాల్సిన పనిలేదని చెప్పాను. ఏం మాట్లాడానో చెప్పలేదు. ఆవిడ ఎన్ని దండాలు పెట్టారో! నాకు అవి చాలా హాయిగా అనిపించాయి.

నా తెలివి చూడండి. వాళ్ళు ఉండేది ఆయన ఇంటి కిందే. శనివారం ఆయన వాడపల్లి నుంచి తిరిగొచ్చేసరికి ఈ పిల్ల కొత్తబట్టలు కట్టుకుని వరండాలో కూర్చుని పుస్తకం చదువుకుంటూ ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఇళ్ళ వ్యాపారం చేసినవాడికి ఎవరి ఇల్లు ఎక్కడుందో గుర్తులేకపోయింది.

ఆ శనివారమే అది బయటపడింది. సుబ్బారావుగారు ప్రసాదం పట్టుకుని గేటు తీశారు.

"ఏమ్మా, ఇవాళ వాడపల్లి వెళ్ళలేదా?"

"వాడపల్లా సార్? శనివారం మేం బండెక్కమండి."

ప్లాస్టిక్ కుర్చీలో

"మూర్తీ, ఒకసారి రావయ్యా" అని సుబ్బారావుగారి ఫోను వచ్చింది. గొంతులో కోపం లేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది. వెళ్ళేసరికి ఆ పెద్ద హాల్లో అందరూ కూర్చుని ఉన్నారు. నాకోసం మధ్యలో ఓ ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

మిరియంగారే మొదలుపెట్టారు. "మా పేరుమీద మొక్కు కూడా మీరే మొక్కేశారా మూర్తిగారూ? మా పిల్ల అక్కడ నిజం చెబితే మీరు అబద్ధాలకోరవుతారు. మీకోసం అబద్ధం చెబితే అదే అబద్ధాలకోరవుతుంది. పదమూడేళ్ళ పిల్లని ఆ ఇరకాటంలో పెడతారా?"

"మంచికేనండీ..." అన్నాను.

సుబ్బారావుగారు చెయ్యెత్తారు. "నాతో అబద్ధమాడితే నేను ఊరుకుందును. స్వామి పేరు చెప్పి ఆడావు. ఏడు శనివారాలని మాటిచ్చింది నువ్వు. ఆ ఏడూ నువ్వే పూర్తిచెయ్యి. వచ్చే శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి నా కారు దగ్గరుండు."

ఆయన పరిహాసానికి అనలేదు. ఆ తర్వాత ఏడు శనివారాలు నేను చీకట్లో లేచి, చన్నీళ్ళు పోసుకుని, ఆయన కారులో వాడపల్లి వెళ్ళి ఏడేసి ప్రదక్షిణలు చేశాను. మోకాళ్ళ నొప్పి అప్పుడు మొదలైంది. మా ఆవిడ మాత్రం నాలో మార్పు వచ్చిందని వీధంతా చెప్పింది.

ఆ రోజు హాల్లో మాట అక్కడితో ఆగితే బాగుండేది. శమూయేలుగారు నెమ్మదిగా అన్నారు. "సరేనండి, అయిందేదో అయింది. వచ్చే నెల మా నాన్న తిథి. కడియం రోడ్డులో ఉన్న మావాళ్ళకి ముందుగా చెప్పుకోవాలి. ఈసారన్నా నన్ను వాళ్ళింటికి తీసుకెళ్తారా?"

ఇంకో పెళ్ళి చెయ్యడం ఇక నావల్ల కాలేదు.

"లేరండి" అన్నాను.

"ఊళ్ళో లేరా?"

"ఎవరూ లేరండి. కడియం రోడ్డులోనూ లేరు, కాకినాడలోనూ లేరు. నాకు తెలిసిన యూదులు మీరు ముగ్గురే."

శమూయేలుగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. మిరియంగారు హాలు ఈ గోడనుంచి ఆ గోడదాకా చూశారు.

"ఇంత పెద్ద హాలు ఎందుకు తీసుకున్నాం అయితే?" అన్నారు. నన్ను కాదు, తనలో తాను అనుకున్నట్టుంది. నాకు తల కొట్టేసినట్టయింది. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో చాలావాటికి నవ్వుకుంటాను. దీనికి మాత్రం ఇప్పటికీ నవ్వలేను. ఆయన తండ్రి తిథి ఆ ఏడూ అలాగే గడిచిపోయింది.

ఖాళీ చేస్తారేమో అనుకున్నాను. చెయ్యలేదు. అందుకు కారణం నేను కాదు, సుబ్బారావుగారు. "ముందే వచ్చి నిజం చెబితే ఒప్పుకునేవాణ్ణో కాదో నాకే తెలీదమ్మా. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఆలోచిస్తాను" అని వాళ్ళతో అన్నారు. రెండు రోజులు ఆలోచించి, శనివారం పరీక్ష రూతు సోమవారం ఏడింటికి వచ్చి రాసుకోవచ్చన్నారు. పేపరు ముందే తెలిసిపోయే వీలుంది కనక ర్యాంకు మాత్రం ఇవ్వనన్నారు.

"ర్యాంకు వద్దు సార్. పేపరు దిద్దండి చాలు" అంది రూతు.

పబ్లిక్ పరీక్ష

రూతు పదో తరగతికి వచ్చింది. అప్పటికి దాని లెక్కలూ సైన్సూ చూసి సుబ్బారావుగారే స్కూలు ఫస్టు ఇదేనని అనడం మొదలుపెట్టారు. పబ్లిక్ పరీక్షల టైంటేబుల్ వచ్చింది. సోషల్ పేపరు శనివారం పడింది.

దాన్ని సోమవారానికి మార్చడం సుబ్బారావుగారి చేతిలో లేదు. రాయకపోతే ఫెయిలు కింద లెక్క. మళ్ళీ ఎండాకాలంలో సప్లిమెంటరీ రాసుకోవాలి. స్కూలు ఫస్టు రాదు, ఆ మార్కులతో మంచి కాలేజీలో సీటొస్తుందో రాదో తెలీదు. శమూయేలుగారు కూతురితో, నిర్ణయం నీదేనమ్మా, ఏదైనా నేనొక్క మాట అననన్నారట.

శుక్రవారం మధ్యాహ్నం నేను వెళ్ళాను. ఎవరూ పిలవలేదు, మామూలే. "ఒక్క రోజేనమ్మా. మీ దేవుడు కూడా టైంటేబుల్ చూసే ఉంటాడు. నాన్నగారు ఏమీ అననన్నారు కదా" అన్నాను.

"అందుకే వెళ్ళనంకుల్" అంది. "వెళ్ళొద్దని కోప్పడితే వెళ్ళేదాన్నేమో."

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి సుబ్బారావుగారు కారు గేటు ముందు పెట్టి, దాని హాల్‌టికెట్టు జేబులో పెట్టుకుని నిలబడ్డారు. ఆ వారం ఆయన వాడపల్లి కూడా వెళ్ళలేదు. ఒక్కసారి కూడా హారను కొట్టలేదు, పిలవలేదు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. తొమ్మిదవుతుండగా రూతు బయటికి వచ్చింది. మొహం చూస్తే రాత్రంతా ఏడ్చినట్టు తెలుస్తోంది.

"మీరెళ్ళండి సార్. సెంటరు దగ్గర మిగతావాళ్ళు మీకోసం చూస్తూ ఉంటారు."

ఆయన దాని తలమీద చెయ్యిపెట్టి, కారెక్కి వెళ్ళిపోయారు. తొమ్మిదిన్నరకి పరీక్ష మొదలయ్యే వేళకి మిరియంగారు వరండా తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. రూతు మెట్టుమీద కూర్చుంది. మనిషికి ధైర్యం చెప్పే మాటలు నా దగ్గర బోల్డన్ని ఉంటాయి. అవన్నీ పక్కనపెట్టి, ఆ పిల్లకి ఒక మెట్టు కింద నేనూ కూర్చున్నాను.

ఫలితాలొచ్చాయి. నలభైమందిలో ముప్పైతొమ్మిది మంది పాస్. రూతుకి మిగతా సబ్జెక్టుల్లో అందరికంటే ఎక్కువ, సోషల్లో గైర్హాజరు, మొత్తంమీద ఫెయిల్. ఆ సాయంత్రం నేను స్కూలు ఆఫీసులో కూర్చుని ఉండగా ఫ్లెక్సీలు వేసేవాడు వచ్చాడు. ఆ స్కూల్లో నూరు శాతం తప్పిన ఏడాది అంతకుముందు లేదు. పోటీ స్కూళ్ళు అప్పటికే సెంటర్లో ఫ్లెక్సీలు కట్టేశాయి.

"సార్, ఏం వెయ్యమంటారు? మామూలుగా వందేనా?"

నేను ఊరుకుంటే కదా! "సప్లిమెంటరీలో ఎలాగూ పాసైపోతుంది కదండీ. వంద వేసెయ్యండి. ఎవరొచ్చి లెక్కపెడతారు?" అన్నాను. ఏడు శనివారాలు ప్రదక్షిణలు చేసొచ్చిన నోరు ఇది.

ఆయన నాకేసి చూశారు.

"ఆ పిల్ల ఏం వదులుకుందో నీ కళ్ళతో నువ్వు చూశావు మూర్తీ. వంద అని వేస్తే, అది అసలు జరగనే లేదని మనం చెప్పినట్టు" అన్నారు. తర్వాత ఫ్లెక్సీవాడి వైపు తిరిగి, "నలభైకి ముప్పైతొమ్మిది అని వెయ్యి. అంకెలు పెద్దవిగా కనపడాలి" అన్నారు.